మూడు నిమిషాల ముందు కూసిన సైరన్

నేను ఒక సైరన్‌ను. స్విచ్చి నొక్కగానే గోడమీదనుంచి ఏడ్చే ఈ కాలపు సైరన్‌ను కాదండోయ్. నాకో ఇనుప పీట, ఓ పిడి, లోపల రెక్కల చక్రం ఉన్నాయి. రెండు చేతులా పిడి పట్టుకుని తిప్పేవాడుంటేనే కూస్తాను. తిప్పేవాడికి దమ్ము చాలకపోతే కాస్త మూలిగి ఊరుకుంటాను. ఎవరు పడితే వాళ్ల చేతిలో పలికే రకం కాదు నేనని ఒకప్పుడు మహా గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిపోయిందో చెప్తాను, వినండి. మీరు వినకపోయినా చెప్తాను, నోరు మూసుకుని ఉండగలిగితే మమ్మల్ని సైరన్లని ఎందుకంటారు?

నన్ను పోతపోసింది కోయంబత్తూరు దగ్గర ఒక చిన్న కార్ఖానాలో. ఎర్ర రంగు పూసి, ఎండుగడ్డి పరిచిన చెక్కపెట్టెలో పెట్టి రైలెక్కించారు. దిగింది గోదావరికి ఈవల, బొగ్గు గనుల ఊళ్లో. నాకు దొరికిన చోటి పేరు నాలుగో గని. పుట్టిన పిల్లకు పేరు పెట్టడానికి నెలల తరబడి తగువులాడుకునే మనుషులు, తమ బతుకంతా గడిచే గనికి మాత్రం ఓ అంకె వేసి చేతులు దులుపుకుంటారు.

షిఫ్టు కూత కూసేందుకు టవరు మీద కరెంటు సైరన్ ఒకటుండేది. కరెంటు పోతే నేను. లోపల ప్రమాదం జరిగినా నేనే. ఏ కూతకు ఏం చేయాలో ఆ కాలనీలో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. షిఫ్టు కూత వినపడితే ఎత్తిన పార ఎత్తినట్టే వదిలేసేవాళ్లు. టైమెంతయిందని గడియారం చూసినవాణ్ని నేనెరగను. సైరనయిందంటే అయిపోయినట్టే. ఇళ్లలో ఆడవాళ్లు ఎసరు పెట్టుకునేది కూడా మా కూతను బట్టే. నాకు అది ఎంత ముద్దుగా ఉండేదో చెప్పలేను. ఇంత నమ్మకం మంచిది కాదని అప్పుడు తోచలేదు.

ఒకరోజు ఉదయం షిఫ్టులో పైకప్పు కూలింది. నేను ఆగకుండా కూశాను. గని ముందు గుమిగూడిన వాళ్లలో మొండయ్య, రాజేశం అనే అన్నదమ్ములు ఉన్నారు. మధ్యాహ్నానికి వాళ్ల నాయన శవం పైకొచ్చింది. గనిలో మనిషి పోతే ఇంట్లో ఒక్కరికి ఉద్యోగమిస్తారు, ఇద్దరికివ్వరు. మొండయ్యకు ఇరవై ఏడేళ్లు, పెళ్లాం, చంకలో పాప. రాజేశానికి అప్పుడే పద్దెనిమిది నిండాయి. తల్లి పోసవ్వ చాలాసేపు ఇద్దరి మొహాలూ చూసి, "పెద్దోనికి సంసారమున్నది బిడ్డా" అంది. రాజేశం పెన్ను అందుకున్నాడు. అన్నకు ఉద్యోగమిస్తే నాకు అభ్యంతరం లేదని రాసిన కాగితం మీద గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాడు. ఆ కాగితం, గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపురూం బల్లమీదే రాయించారు. పక్కనే ఉన్నాను, చూశాను. సంతకం చేసినవాడు తలెత్తే ఉన్నాడు, ఉద్యోగం వచ్చినవాడే తలెత్తలేదు.

మొండయ్యను బొగ్గు పేల్చే పనిలో వేశారు. ఎనిమిదేళ్లలో రెండు చెవులూ పోయాయి. పైకి తెచ్చి ల్యాంపురూంలో కూర్చోబెట్టారు. రాజేశం కాంట్రాక్టు పనిలో కుదిరి, లారీల కింద రాలిన బొగ్గు ఎత్తుతున్నాడు. పొద్దున పని, సాయంత్రం ఫుట్‌బాల్. నాలుగో గని బ్రదర్స్ అని కాలనీకి ఓ జట్టుంది, దానికి అతనే గోల్‌కీపరు. జిల్లా లీగులో ఆ జట్టు ఏళ్ల తరబడి బీ డివిజన్‌లో కూర్చుని ఉంది. పైకి పోదు, కిందికి దిగదు. అయినా జనం మాత్రం ఆదివారమొస్తే పసుపుపచ్చ తువ్వాళ్లు మెడలో వేసుకుని, ప్రపంచాన్నే గెలవబోతున్నట్టు గ్రౌండుకు పోయేవాళ్లు.

గనికి కొత్త సైరన్ వచ్చాక నన్ను మూలన పడేశారు. మొండయ్య అధికారుల్ని బతిమాలి నన్ను గ్రౌండుకు తీసుకుపోయాడు. ఆట ముగిసి మనవాళ్లు గెలిస్తే నేను కూయాలి, అదీ ఏర్పాటు. చెవుడు వచ్చిన మనిషికి సైరన్ బాధ్యత ఇవ్వడం మీకు వింతగా ఉండొచ్చు. కాని పిడి మీద చేతులు పెడితే నా అదురు అతని మోచేతుల దాకా ఎక్కేది. ఊరంతటిలో నా కూతను ఒంటితో వినేది అతనొక్కడే. రెఫరీ ఆఖరి విజిలు వినపడదు కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పక్కన ఓదెలు అనే దోస్తు నిలబడతాడు. విజిలు పడగానే మొండయ్య భుజం మీద రెండుసార్లు తడతాడు. అంతే, ఇతను తిప్పుతాడు.

ఆ ఏడు ఏమొచ్చిందో గాని జట్టు వరసపెట్టి గెలిచింది. గని దగ్గర జరిగిన ఓ సభలో పెద్దాఫీసరు మైకు పట్టుకుని, జట్టు బీ నుంచి ఏ డివిజన్‌కు ఎక్కితే ముగ్గురు ఆటగాళ్లను స్పోర్ట్స్ కోటాలో పర్మనెంటు చేస్తామని, గోల్‌కీపరు పేరు మొదట ఉంటుందని అన్నాడు. ముప్పై ఏళ్లు దాటితే ఆ కోటా వర్తించదు. రాజేశానికి వచ్చే శ్రావణంతో ముప్పై నిండుతాయి. అంటే ఇదే ఆఖరు. మొండయ్యకు ఆ రోజునుంచి అన్నం సయించలేదు. నా రెక్కలకు నూనె పెడుతూ నాతోనే గొణుక్కునేవాడు. "పదకొండేండ్లసంది వాని నౌకరి తింటున్న. ఈపాలి వాని పేరు మీద ఆర్డరు రావాలె. వస్తె నేను సచ్చినా మంచిదే" అనేవాడు.

ఆఖరి ఆట సొంత గ్రౌండులోనే పడింది. గెలవనక్కర్లేదు, డ్రా చేసుకున్నా పైకి ఎక్కినట్టే, అప్పుడూ నేను కూయాల్సిందే. ఎండ తగ్గే వేళకు చెట్లమీద, లారీలమీద కూడా జనమే. ఒకటీ ఒకటిగా ఆట సాగుతోంది. చివరి పది నిమిషాలు మొండయ్య ఆట చూడలేకపోయాడు. నా మీదికి వంగి, పిడి గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. భుజం మీద పడబోయే ఆ రెండు దెబ్బల కోసమే ఉన్నాడు మనిషి.

ఎనభై ఏడో నిమిషం. అవతలి జట్టు పదో నంబరువాడు ఎదురుగా వచ్చి కసిగా తన్నాడు. రాజేశం అడ్డంగా ఎగిరి వేళ్లతో బంతిని బయటికి నెట్టాడు. అటువంటి అడ్డు ఆ గ్రౌండులో ఎవరూ చూసి ఉండరు. ఓదెలుకు ఒళ్లు తెలియలేదు. "కొట్టిండ్రా నీ తమ్ముడు, బతికిచ్చిండ్రా" అని అరుస్తూ పక్కనున్న మొండయ్య భుజాన్ని రెండుసార్లు చరిచాడు.

మొండయ్య కళ్లు తెరవలేదు. పిడి తిప్పాడు. పదకొండేళ్ల బరువు పెట్టి తిప్పాడు. నేనూ ఒళ్లు మరచిపోయి కూశాను. నా పాపం దాచుకోను, అంత గట్టిగా జన్మలో కూయలేదు.

వేరే ఊరి జనమైతే రెఫరీ వంక చూసేవాళ్లు. వీళ్లు చూడలేదు. సైరనయింది, అయిపోయింది. ముందు మన డిఫెండర్లిద్దరూ మేజోళ్లు కిందికి లాక్కుని గడ్డిలో చతికిలబడ్డారు, వాళ్లూ బొగ్గు పనివాళ్లే కదా. మరుక్షణం నాలుగువైపులనుంచి జనం హద్దు తాళ్లు దాటి గ్రౌండులోకి దూకారు. గులాలు, డప్పులు, ఈలలు. రెఫరీ నడిమధ్య నిలబడి బుగ్గలు పగిలేలా విజిలు ఊదుతున్నాడు, నా గొంతు ముందు అదెంత. అవతలి ఆటగాళ్లు చేతులూపుతూ ఏదో చెప్పబోతే, గెలవలేదన్న బాధ అనుకుని వాళ్ల నోట్లో కూడా లడ్డూలు కుక్కారు. ఒక్క రాజేశమే గోలు వదలకుండా నిలబడి, "అయిపోలేదు, ఎల్లిపోండ్రి. అన్నా, ఆపే" అని గుండెలు బాదుకుంటున్నాడు. సంబరంతో అరుస్తున్నాడనుకుని అతన్ని భుజాలకెత్తుకున్నారు.

రెఫరీ పావుగంట చూశాడు. తర్వాత బంతి చంకలో పెట్టుకుని, కాగితం మీద ఏదో రాసుకుని జీపెక్కాడు. మనవాళ్లు ఆ జీపుకు కూడా గులాలు చల్లి సాగనంపారు.

ఊరేగింపు చూడాలి మీరు. ట్రాక్టరు ముందు డప్పులు, వెనక పసుపుపచ్చ జెండాలు, ట్రాక్టరు మీద జట్టు, జట్టు నడుమ నేను. పోసవ్వ ఇద్దరు కొడుకులకూ హారతి పట్టింది. రిటైరైన ముసలివాళ్లు చేతికర్రలు పైకెత్తి ఎగిరారు. ఎవరో జట్టు ఫ్లెక్సీకి పాలు పోశారు. మొండయ్య నన్ను తిప్పడం ఆపి, రెండు చేతులా తమ్ముడి మొహానికి గులాలు రాసి, "ఇగ నీ ఆర్డరు వచ్చినట్టేరా. నా తల మీది బరువు దిగింది" అన్నాడు. రాజేశం కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. రెండుసార్లు నోరు తెరిచాడు. పెదాలు చూసి మాట పట్టేస్తాడు మొండయ్య. అయినా ఆ నవ్వే మొహం ముందు తమ్ముడి పెదాలు కదల్లేదు. అన్న తన తువ్వాలుతో తమ్ముడి కళ్లు తుడిచి మళ్లీ పిడి అందుకున్నాడు. ఆ సాయంత్రం అంత సంతోషాన్ని మోస్తూ నేను పడ్డ నరకం మీకు చెప్పినా అర్థం కాదు.

మర్నాడు పొద్దున్నే లీగువాళ్ల ఉత్తరం క్లబ్బు తలుపుకు అంటించారు. మూడు నిమిషాల ఆట మిగిలి ఉండగా సొంత జనం గ్రౌండులోకి చొరబడ్డారు గనుక ఆట అవతలి జట్టు గెలిచినట్టు లెక్క. నాలుగో గని బ్రదర్స్ బీ డివిజన్‌లోనే ఉంటుంది. మళ్లీ ఆడించమని పెద్దలు వెళ్లి అడిగారు, కుదరదన్నారు. పెద్దాఫీసరు మైకు ముందు అన్నమాట మైకు ముందే ఆగిపోయింది. శ్రావణం ఎవరికోసమూ ఆగదు.

ఓదెలు ఆ పొద్దున పోసవ్వ ఇంటి వెనక, నన్ను పెట్టిన రేకుల సాయబాను దగ్గర రాజేశం కాళ్లు పట్టుకున్నాడు. "నా చెయ్యి ఇరిగిపోను రాజేశం. నేను భుజం మీద కొట్టిన, వాడు విజిలు పడ్డదనుకున్నడు" అని ఏడ్చాడు. రాజేశం అతన్ని లేవదీశాడు. "అయింది అయింది. మా అన్నకు మాత్రం చెప్పకు. జనమే ముందుగాల ఉరికిండ్రని చెప్పు. అందర్నీ అట్లనే చెప్పుమను. తన చేతులతోనే పోయిందని తెలిస్తే వాడు బతకడు" అన్నాడు.

నాలుగో గని కాలనీ ఒక మాట మీద నిలబడటం అదే నేను చూసిన మొదటిసారి. మొండయ్య ఇల్లిల్లూ తిరిగి అడిగాడు. "నేను ముందు తిప్పిన్నా, మీరు ముందు ఉరికిండ్రా? నిజం చెప్పుండ్రి" అన్నాడు. ఒక్కొక్కరూ అతని కళ్లలోకి చూస్తూ, పెదాలు నిదానంగా కదిలిస్తూ, తామే ముందు ఉరికామని ఒప్పుకున్నారు. తమ్ముడూ అదే చెప్పాడు. "నువ్వు తర్వాతనే తిప్పినవ్ అన్నా" అన్నాడు.

ఆ రోజునుంచి మొండయ్య తిట్లు మొదలయ్యాయి. చాయ్ హోటల్ దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎక్కడ పసుపుపచ్చ తువ్వాలు కనిపిస్తే అక్కడ. "బుద్ధిలేని జనం. మూడు నిమిషాలు నిలబడలేకపోయిండ్రు. నా తమ్ముని బతుకు ఆగం చేసిండ్రు" అని దుమ్మెత్తి పోసేవాడు. పెద్ద పెద్ద మీసాలవాళ్లు తలలు వంచుకుని పడేవాళ్లు. శ్రావణం వచ్చింది. రాజేశానికి ముప్పై నిండాయి. ఆ రోజు కూడా అతను లారీల కింద బొగ్గే ఎత్తాడు. ఫుట్‌బాల్ మానేశాడు. సాయంత్రాలు అరుగుమీద కూర్చుని చేతులు చూసుకుంటాడు.

రెండేళ్లకు, నేలను పైనుంచే తోడేసే ఓపెన్‌కాస్టు తవ్వకం కాలనీ దాకా వచ్చింది. క్వార్టర్లు ఖాళీ చేయమన్నారు. సామాను లారీకెక్కించే రోజు, పనికిరానివి పాత ఇనుము బండికి వేసేయాలని తేల్చారు. మధ్యాహ్నం మొండయ్య ఒక్కడే సాయబానులోకి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు. నా మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు. చెవుడున్న మనిషి కదా, తను మెల్లగా మాట్లాడుతున్నాననుకుని ఎంత గట్టిగా మాట్లాడతాడో అతనికే తెలియదు.

"నేనే ముందు తిప్పిన. నాకెరుక లేదా? కండ్లు తెరిచి చూసేసరికి జనం ఇంకా తాళ్ల అవతలనే ఉన్నరు. మొదటిసారి నౌకరి తీసుకున్న, రెండోసారి రాకుండ చేసిన. వాడు నా కోసం అబద్ధమాడుతున్నడు. నేను నమ్మినట్టు లేకపోతే వాడు ఇంకింత కుములుతడు. అందుకే జనాన్ని తిడుతున్న. వాళ్ల ఉసురు కూడ నాకే తగులుతది" అన్నాడు.

గోడ అవతల రాజేశం నిలబడి ఉన్నాడు. నన్ను మోసుకుపోవడానికి వచ్చినవాడు, ఆ మాటలకు గడప దగ్గరే ఆగిపోయాడు. గోడకు తల ఆనించి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటికి మొహం తుడుచుకుని, అప్పుడే వచ్చినట్టు లోపలికి వచ్చి, అన్న ఎదుట నిలబడి, "పోదామా అన్నా?" అన్నాడు.

చెరో వైపు పట్టుకుని నన్ను బండి దాకా మోశారు. పాత ఇనుమువాడు నన్ను విరిగిన మంచం కోళ్ల మధ్యకు తోశాడు. దారిన పోతున్న ఓదెలును చూసి మొండయ్య గొంతు పెంచాడు. "మీరు ఆనాడు ముందుగాల ఉరుకకపోతే ఇయ్యాల నా తమ్ముడు పర్మనెంటు మనిషి" అన్నాడు.

ఓదెలు తల వంచుకున్నాడు. రాజేశం అన్నకు కనపడేలా ఎదురుగా వచ్చి నిలబడి, అవునన్నట్టు తల ఊపాడు.