మందు ముట్టని మనిషి

నా పెద్ద పేగు కోసి పారేద్దామన్నారు డాక్టర్లు. పేగంతా పుండ్లు. చెంబు పట్టుకుని పోవడం, రావడం, మళ్ళీ పోవడం. పోయిన ప్రతిసారీ నెత్తురు. గోలీలు మింగితే మొహం ఉబ్బింది, పుండ్లు మాత్రం మానలేదు. పత్తి విత్తనం చేలో కూలీల మీద అజమాయిషీ చేయాల్సినవాడిని మంచానికి అంటుకుపోయాను. మా ఊరు అయిజలో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని వచ్చారు. వాళ్ళ మొహాలు నాకు ఇంకా గుర్తున్నాయి.

హైదరాబాదు దవాఖానలో శ్రవణ్ కుమార్ అనే డాక్టరు ఆఖరి దారి ఒకటి చెప్పాడు. అది కుదరకపోతే పేగు తీసేసి పొట్టకు సంచి తగిలిస్తారు. బతికినంతకాలం మలం ఆ సంచిలోకే.

కెమెరా సాయంతో కింది నుంచి సన్నటి గొట్టం ఒకటి పెద్ద పేగు మొదటిదాకా పంపుతారు. అక్కడ చిన్న క్లిప్పులతో పేగు గోడకు పట్టిస్తారు. రెండో కొస బయట తుంటికి అంటిస్తారు. గొట్టం వారం పైన లోపలే ఉంటుంది. రోజూ దాంట్లోంచి మందు నేరుగా పుండ్ల మీదికి పోస్తారు. మందుతో పాటు ఇంకొకటి.

"ఇంకొకటి ఏంది?" అన్నాను.

"ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం," అన్నాడు డాక్టరు. "కడిగి, వడకట్టి, అందులోని మంచి క్రిములను పంపుతాం. మీ పేగులో అవి చచ్చిపోయాయి. మళ్ళీ నాటాలి. మీరు విత్తనం పండించే రైతు, మీకు నేను చెప్పాలా? అందరికీ కుదరదు. కొందరికి కుదురుతుంది."

నా కొడుకు జగదీశ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఇచ్చేవాడికి షరతులు చాలా. రోగాలు ఉండకూడదు. అన్నిటికన్నా పెద్ద షరతు, మూడు నెలలుగా యాంటీబయాటిక్ గోలీ గానీ సూది గానీ పడి ఉండకూడదు. అది పడితే మంచి క్రిములూ చస్తాయట. జగదీశ్ పరీక్షలు బాగానే వచ్చాయి. గొట్టం వేసే తేదీ ఇచ్చారు. తేదీ దగ్గరపడ్డాక వాడికి జలుబు చేసింది. మా దగ్గర జలుబు చేస్తే ఊరికే పడుకోరు. సందు చివర ఆరెంపీ డాక్టరు ఉంటాడు. తుమ్ముకూ, నడుం నొప్పికీ ఒకటే సూది. జగదీశ్ పోయి సూది పొడిపించుకుని, గోలీలు పొట్లం కట్టించుకుని వచ్చాడు.

"ఏం గోలీలు రా అవి?"

"తెల్వదు నాయినా. జల్ది తగ్గుతదన్నడు. హైదరాబాద్ పోవాలె గదా, ఒళ్ళు మంచిగుండాలని ఏసుకున్న."

డాక్టరుకు ఫోన్లో పొట్లం చూపించాం. జగదీశ్ పనికిరాడన్నాడు, మూడు నెలలు ఆగితే నా పేగు ఆగదన్నాడు. కోడలు మాలతికి ఈమధ్యే కాన్పు ఆపరేషనైంది, ఆమెకూ సూదులు పడ్డాయి. పాలివాళ్ళను అడిగాం. అడుగుతూ పోతే తెలిసింది, మా వాడకట్టులో ఆరెంపీ సూది పడని పిర్ర లేదు.

మిగిలింది ఒక్కడు. ఈరన్న.

ఈరన్న నా భార్య హన్మమ్మ తమ్ముడు. ఉప్పునుంతల దగ్గర పల్లెలో ఉంటాడు. ఇంగ్లీషు మందు విషమని నమ్మినవాడు. జ్వరమొస్తే కషాయం, గాయమైతే ఆకు పసరు. పుట్టినప్పటి నుంచి గోలీ మింగలేదని గొప్పలు చెప్పుకుంటాడు. మూడేళ్ళ కింద పుట్టింటికి పోయిన హన్మమ్మకు కామెర్లు వస్తే, నాకు చెప్పకుండా పసరు పోయించాడు. ఉప్పులేని పథ్యం పెట్టించాడు. నాకు కబురొచ్చేసరికి ఆమె మనుషులను గుర్తుపట్టడం లేదు. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు ఆమె కళ్ళు చూసి, ముందే తేవాల్సింది అన్నాడు.

చనిపోయిన ఆడమనిషి మీద పుట్టింటి చీర కప్పడం మాలో ఆనవాయితీ. ఈరన్న గద్వాల చీర తెచ్చాడు. నేను దాన్ని వాకిట్లోకి విసిరేశాను. పుట్టింటి చీర లేకుండానే ఆమెను సాగనంపాను. ఆ తర్వాత వాడితో మాట లేదు.

"మామకు ఫోన్ చేస్త నాయినా," అన్నాడు జగదీశ్.

"చెయ్యకు."

"మరి సంచి తగిలించుకుంటవా?"

నేను చెంబు పట్టుకుని లేచాను. వాడు చేశాడు.

మర్నాడే ఈరన్న దిగాడు. వాకిట్లో నిలబడ్డాడు. లోపలికి రమ్మని నేననలేదు. మాలతి కుర్చీ వేసింది.

"పొలం అడుగుతవేమో అనుకున్న బావా. గిది అడుగుతవనుకోలే," అన్నాడు.

"నేనడగలే. వాడడిగిండు."

"ఎవరడిగితే ఏంది, పొయ్యేది నీ కడుపులకే గద."

మాలతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కల్లు తాగుతున్నవా ఇంకా?" అన్నాను.

"పండుగలకు."

"బంద్ చెయ్. బజార్ల మిర్చీలు బంద్. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిను. నా లోపలికి వచ్చేది ఏందో నాకు తెల్వాలె."

"అక్క గూడ గింత సతాయించలే," అన్నాడు. అన్నాక తల దించుకున్నాడు.

హైదరాబాదులో వాడి పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. ఇలాంటి మనిషి దొరకడం కష్టమన్నాడు డాక్టరు. ఈరన్న నావైపు గర్వంగా చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఏ మొండితనం వాడి పేగును కాపాడిందో, అదే హన్మమ్మను తీసుకుపోయింది.

మత్తిచ్చి గొట్టం వేశారు. నొప్పి తెలియలేదు. మెలకువ వచ్చాక తుంటి మీద పట్టీ, దాని కింద గొట్టం కొస కనిపించాయి. నడవొచ్చు, తినొచ్చు. రోజూ పొద్దున ఈరన్న డబ్బా పట్టుకుని పోయేవాడు. కడిగి వడకట్టాక అది బురదనీళ్ళలా ఉండేది. నర్సు సింధూజ వనపర్తి పిల్ల, మా మాటే మాట్లాడేది. నన్ను కుడిపక్కకు తిప్పి, సిరంజీతో మెల్లగా లోపలికి తోసేది. కడుపులో గోరువెచ్చగా తగిలేది, అంతే.

ఒక పొద్దున ఈరన్న ఖాళీ డబ్బాతో తిరిగొచ్చాడు.

"ఇయ్యాల వస్తలేదు బావా. నాకు చేను గట్టు కావాలె."

"హైదరాబాద్‌ల గట్టు యాడికెల్లి తేవాలె మామా?" అంది సింధూజ. "ఉడుకునీళ్ళు తాగి వరండాల తిరుగు."

"వార్డు వార్డంతా నా దిక్కే చూస్తున్నది. గట్ల చూస్తే యాడ వస్తది?"

నాకు నవ్వొచ్చింది. గొట్టం కదులుతుందేమోనని పొట్ట పట్టుకున్నాను. హన్మమ్మ పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి. వాడివల్ల నవ్వాల్సి రావడం నాకు నచ్చలేదు. మధ్యాహ్నానికి వాడి పని అయింది.

గొట్టం తీసేనాటికి నెత్తురు తగ్గింది. నెల తిరిగేసరికి ఆగిపోయింది. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. చేనుకు పోయి గట్టు మీద మధ్యాహ్నందాకా కూర్చున్నాను. లేవాల్సిన పని పడలేదు. ఇంతకన్నా సుఖం ఏముంటుందో నాకు తెలియదు.

పంపేటప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు. మళ్ళీ ఒకసారి గొట్టం వేయాల్సి రావచ్చు, నా పేగుకు పట్టినవి ఈరన్న క్రిములే, వేరేవాళ్ళవి పడతాయన్న నమ్మకం లేదు, అందుకే ఈరన్న ఒంట్లో మందు పడకుండా ఉంటే మంచిది.

వానకాలం దాటాక మలంలో మళ్ళీ నెత్తురు చార కనబడింది. డాక్టరు తేదీ ఇచ్చాడు. ఈరన్నకు ఫోన్ చేస్తే వాడి భార్య ఎత్తింది. కాలికి ముల్లు దిగిందట. ఆకు కట్టుకుంటే కాలు ఇంకా ఉబ్బిందట.

"దవాఖానకు పోనంటున్నడన్నా," అంది. "సూది ఏసుకుంటే బావకు పనికిరానంటున్నడు."

జగదీశ్‌ను తీసుకుని పోయాను. ఈరన్న మంచంలో వణుకుతున్నాడు. పాదం నల్లబడింది. ఎరుపు మోకాలిదాకా ఎక్కింది.

"నీ తేదీ ఎప్పుడు బావా?"

"లే."

"జర ఆగు. పసరు గుంజుతది. నీ పని అయినంక సూది ఏసుకుంట."

"మీ అక్కను గిట్లనే ఆపినవు."

వాడు మొహం గోడకు తిప్పుకున్నాడు.

"లేస్తవా, మంచంతోటి ఎత్తమంటవా?"

వాడు లేవలేదు. నేనూ జగదీశూ ఎత్తి ఆటోలో వేశాం. నాగర్‌కర్నూల్‌లో అదే దవాఖానకు తీసుకుపోయాం. కాలు దక్కుతుందన్నాడు డాక్టరు. సెలైనులో మందు కలిపి ఎక్కించారు. చుక్క చుక్కా వాడి చేతిలోకి దిగుతుంటే పక్కన కూర్చుని చూశాను. నాకున్న ఒక్క మంచి విత్తనం మీద నేనే దగ్గరుండి మందు కొట్టించాను.

సాయంత్రానికి వాడికి జ్వరం దిగింది. కళ్ళు తెరిచాడు.

"నీకెట్ల మరి బావా?"

"మూడు నెలలు గోలీల మీద ఆగుత."

"ఆగకపోతే?"

"సంచి."

సూది గుచ్చిన చేతిని తడుముకున్నాడు. "నన్ను మాఫ్ చేసినవా?"

"లేదు."

"మరి ఎందుకు తెచ్చినవ్?"

"గోలీ మింగు."

నర్సు ఇచ్చిన గోలీని వాడు అరచేతిలో తిప్పి చూశాడు. నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. నీళ్ళు దిగాయి, గోలీ నాలుక మీదే మిగిలింది. అంత పెద్ద మనిషికి గోలీ మింగడం రాదు. గోలీని నాలుక వెనక పెట్టుకొమ్మని నోరు తెరిచి చూపించాను. రెండోసారికి దిగింది.

నేను బయటికి పోయి చాయ్ తాగాను. కడుపు ఏమీ అనలేదు. ఇంకోటి తాగాను.