మంచి ఎముక నమూనా

మా ఎమ్మారై యంత్రాన్ని ఎవరైనా పల్లెత్తు మాట అంటే నేను ఒంటికాలి మీద లేస్తాను. దాన్ని తిట్టే హక్కు నాకొక్కదానికే ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలో టెక్నీషియన్‌ని. నేను దాన్ని వెనకేసుకొచ్చే తీరు చూసి, మా ఆయన దాన్ని నా పుట్టింటివాళ్లలో ఎప్పుడో చేర్చేశారు.

పోయిన నెల మా డాక్టరమ్మ కొత్త పరీక్ష మొదలుపెడదామన్నారు. ఎముకలు గుల్లబారాయేమో చూడటానికి మామూలుగా చేసే పరీక్ష ఒకటుంది. ఎముక ఎంత చిక్కగా ఉందో అది అంకెల్లో చెబుతుంది. కానీ అంకె ఫరవాలేదనిపించినా, గుమ్మం తట్టుకుని తూలినంత మాత్రానికే మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చే ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల ఎముక లోపలి అల్లిక దెబ్బతిని ఉండవచ్చు. ఎమ్మారైలో బాగా దగ్గరగా చూస్తే ఆ అల్లిక కనబడుతుంది. మూలుగ తెల్లగా, దాని మధ్య ఎముక పోగులు సన్నటి నల్లగీతల్లా ఉంటాయి. పోల్చి చూసుకోవడానికి ముందుగా ఒక మంచి ఎముక నమూనా కావాలని, యాభై దాటిన గట్టి మనిషిని ఎవరినైనా వెతకమని నాకు పురమాయించారు.

ఎక్కడో వెతకడం దేనికి? నాకు యాభై అయిదు. ఏనాడూ ఏ ఎముకా విరగలేదు. మా అమ్మకు అరవై దాటగానే వీపు వంగిపోయిన మాట నిజమే, కానీ మా పెద్దత్త నా చిన్నప్పుడే దీనివి వాళ్ల నాన్న ఎముకలని తేల్చేసింది, నేనూ నమ్మేశాను. డాక్టరమ్మకు చెప్పకుండా నేనే పడుకుని, బొమ్మ తీసి చేతిలో పెడదామనుకున్నాను. కొంచెం గొప్ప చూపించుకుందామన్న సరదా కూడా ఉంది, దాచడం దేనికి.

ఆ గొప్పకు కారణం లేకపోలేదు. నడవలేని రోగుల్ని స్ట్రెచర్ మీంచి యంత్రం బల్ల మీదకు చేర్చేది నేనూ, పొడుగోడూ. స్ట్రెచర్ తోసే మనిషి. ఆరడుగుల పైన ఉంటాడు కాబట్టి ఆసుపత్రిలో అసలు పేరుతో అతన్ని పిలిచేవాళ్లు లేరు. రోగి కింది దుప్పటిని చెరో పక్కా బిగించి పట్టుకుని, మూడు లెక్కపెట్టి, ఒక్క ఊపున జరుపుతాం. బరువులెత్తలేని వాళ్లను మా దగ్గర పైఅంతస్తులో పాత రికార్డుల గదికి పంపిస్తారు. నాకు ముందు పనిచేసినావిడ నడుము పట్టేసి అక్కడికే వెళ్లింది. ఆ గదికి కిటికీ లేదు. కిటికీ మాకూ లేదు గానీ, మా గదికి మనుషులొస్తారు. నేనైతే ఆ కాగితాల మధ్య రెండు రోజులు కూడా బతకలేను.

కొత్త పద్ధతి అమర్చడానికి కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి, మెత్తటి మనిషి. పొద్దున్నే రోగులు రాకముందే నేను బల్ల మీద బోర్లా పడుకుని, కుడిచెయ్యి తల పైకి చాచి మణికట్టును బొమ్మ సంకేతాలు పట్టే చిన్న కాయిల్‌లో పెట్టాను. పన్నెండు నిమిషాలు కదలకూడదు. నేను ఊపిరి కూడా అప్పు తెచ్చుకున్నట్టు పొదుపుగా పీల్చాను.

బయటికొచ్చి చూస్తే బొమ్మ నాసిగా ఉంది. సన్నటి వల పరుచుకుని ఉండాల్సిన చోట పోగులు అక్కడక్కడా తెగి, ఎలకలు కొరికిన గోనెసంచిలా ఉంది. కాయిల్ పాడై ఉంటుందన్నాను. అతను మార్చాడు. బొమ్మ మారలేదు. అమరిక సరిగా చేయలేదేమోనన్నాను. అతను పరీక్షకు వాడే నీళ్ల సీసా పెట్టి చూపించాడు. సీసా బొమ్మ ఏ లోపమూ లేకుండా వచ్చింది. పోనీ మీరేమైనా కదిలారేమో మేడమ్ అని ఎంతో వినయంగా అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. రోజూ పాతికమందికి కదలొద్దని చెప్పే మనిషిని పట్టుకుని అడిగే మాటేనా అది? చేతికి రెండు పక్కలా ఇసుకసంచులు పెట్టించుకుని మూడోసారి పడుకున్నాను.

మూడోసారీ అదే. తప్పు యంత్రానిదైతే నేను చెయ్యి పెట్టే తీరు మారినప్పుడల్లా మచ్చ అటూ ఇటూ జరగాలి. నా ఎముకలో ఖాళీ మాత్రం మూడు బొమ్మల్లోనూ ఉన్న చోటే ఉంది. అయినా పట్టు విడవక, నువ్వు పడుకో చూద్దామని ఇంజనీరును ఎక్కించాను. అతని మణికట్టు అల్లిక కొత్త స్పాంజిలా దట్టంగా వచ్చింది. కుర్రాడు కదా అన్నాను. అవునండీ, వయసు తేడా ఉంటుంది అన్నాడు. ఆ తర్వాత ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు.

అతను చెప్పక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు బొమ్మలు చూసినదాన్ని, మొదటిసారే తెలిసిపోయింది. అతనికీ తెలుసు. తెలిసి కూడా ఇద్దరం కలిసి నోరులేని యంత్రం మీద పూటంతా నిందలు మోపాం. కుర్చీలో కూలబడ్డాను. భయం వేసింది. ఎముక విరుగుతుందని కాదు, పైన రికార్డుల గదికి పంపించేస్తారని.

అతను తెర వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇవి ఉత్త పరీక్ష బొమ్మలు మేడమ్. పేరు కూడా పెట్టలేదు. సాయంత్రం ఎలాగూ చెరిపేస్తాం."

అంతకంటే మంచి మాట ఆ రోజు ఎవరూ అనలేదు. సరే చెరిపెయ్ అని నోటిదాకా వచ్చింది. అంతలో తలుపు తోసుకుని డాక్టరమ్మ వచ్చారు, నమూనా దొరికిందా అంటూ. మంచిది ఇంకా దొరకలేదండీ అన్నాను. ఆవిడ తెర మీద నా మణికట్టు చూశారు. కళ్లజోడు సర్దుకుని కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. ఎవరిదని అడిగితే, పరీక్ష కోసం ఒకావిడది తీశామన్నాను. ఇంజనీరు తల వంచుకుని తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఈవిడ బరువులెత్తే పని ఏమైనా చేస్తుందా?"

"చేస్తుందండీ."

"ముందు అది మాన్పించండి. మిగతా పరీక్షలు కూడా చేసి మందులు మొదలుపెడదాం. భయపడొద్దని చెప్పండి, కానీ వాయిదా వెయ్యొద్దని గట్టిగా చెప్పండి. రేపే రమ్మనండి."

చెబుతానన్నాను. ఆవిడ వెళ్లిపోయారు. నా ఎముకల గురించి నా ముందే మాట్లాడి వెళ్లిన మనిషికి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. అబద్ధం ఇంత తేలిగ్గా చెల్లుబాటవుతుందని నేను అనుకోలేదు.

మధ్యాహ్నం పొడుగోడు స్ట్రెచర్ తోసుకొచ్చాడు. దాని మీద లారీ నడిపే పెద్దాయన, నూరు కిలోలకు తక్కువుండడు, నడుముకు దెబ్బ. అలవాటు ప్రకారం నా పక్కకు నేను వెళ్లాను. దుప్పటి అంచు రెండు పిడికిళ్లలోకి చుట్టుకున్నాను. పెద్దాయన కళ్లు గట్టిగా మూసుకుని, పడేయరు కదమ్మా అన్నాడు. పడెయ్యం లెండి అని నేను ఎన్ని వేలమందికి చెప్పానో లెక్కలేదు.

ఒకటి అన్నాను. రెండు అన్నాను. మూడు నోట్లోంచి రాలేదు. నా చెయ్యి విరిగితే విరగనీ, అది నా ఖర్మ. కానీ అది విరిగే క్షణానికి ఈ మనిషి స్ట్రెచర్‌కీ బల్లకీ మధ్యన ఉంటాడు. దుప్పటి వదిలేశాను.

"ఆగు. వార్డులోంచి ఇంకెవరినైనా పిలుచుకురా."

"ఎందుకక్కా?"

"నా ఎముకలు గుల్లబారాయి. పొద్దున్నే చూసుకున్నా."

పొడుగోడు ఆశ్చర్యపోతాడనుకున్నాను. సరేనక్కా అని వెళ్లి ఇద్దర్ని తీసుకొచ్చాడు. పెద్దాయన్ని పువ్వులా జరిపారు. నేను ఆయన తల కింద దిండు సర్ది, చెవులకు దూది పెట్టి, తలుపు వేసి బయటి గదిలోకి వచ్చాను. ఇంజనీరు భోజనానికి వెళ్లాడు. పొడుగోడు మాత్రం వెళ్లకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నీకు కోపం రాదంటే ఒకటి చెప్తా అక్కా. ఏడాదిగా నీ వైపు బరువు కూడా నేనే లాగుతున్నా."

నేను తెర మీంచి కళ్లు తిప్పి అతని వైపు చూశాను.

"ఒకసారి నీ చేతిలోంచి దుప్పటి జారింది. బట్టలుతికేవాళ్లు గంజి ఎక్కువ పెట్టారని వాళ్లను తిట్టిపోశావు. అడిగితే నా మీదా లేస్తావని అడగలేదు."

ఏడాది. రోజూ ఏడెనిమిది మంది. అన్నిసార్లూ మూడు అని నేను గర్వంగా అరిచాను, బరువు అతను లాగాడు. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ వెంటనే కళ్లు నిండాయి. అతని నడుము ఎలా ఉందో అడగాలన్న బుద్ధి అప్పటికి గాని పుట్టలేదు. రాత్రిళ్లు కొంచెం పట్టేస్తుంది లే అక్కా అన్నాడు.

పెద్దాయన స్కాన్ పూర్తిచేసి, పొద్దున తీసిన నా మణికట్టు బొమ్మకు నా పేరూ వయసూ ఎక్కించాను. మెట్లెక్కి వెళ్లి డాక్టరమ్మ గది తలుపు తట్టాను.

"మీరు రేపు రమ్మన్న ఆవిడ ఇవాళే వచ్చిందండీ," అన్నాను.