రేపు మీ డయాలసిస్ ఉంది

డయాలసిస్ సెంటరులో డేటాబేస్ చూసుకునే ఆవిడకు రోగుల ముఖాలు పెద్దగా తెలియవు. ఆమె గది మేడ మీద. బ్యాకప్‌లు తీయడం, ఎవరు ఏ వివరాలు చూడవచ్చో అనుమతులివ్వడం ఆమె పని. అందుకే ఒక ఉదయం ఎవరో స్త్రీ నేరుగా వచ్చి ఫోను బల్ల మీద పెట్టేసరికి కంగారుపడింది.

"మా అమ్మ పోయి నెలలు దాటిందండీ. ఇది నాన్న ఫోను. చూడండి."

రేపు మీ డయాలసిస్ ఉంది, తప్పక రండి అని సెంటరు పంపిన మెసేజ్.

"పొరపాటున వచ్చిందేమో..."

"పొరపాటున ఒకసారొస్తుంది. ఇది వారం వారం వస్తోంది. వచ్చినప్పుడల్లా మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇక్కడికొచ్చి కూర్చుంటున్నారు. వద్దంటే వినరు. ఇప్పుడూ కిందే ఉన్నారు."

ఆమె వెంటనే కంప్యూటరులో వెతికింది. ఆ డేటాబేస్‌లో ఒక్కో రోగికి ఒక్కో పత్రం. అన్నీ ఒకే అచ్చులో ఉండనక్కర్లేదు. ఎవరు ఏ గడి చేర్చినా కిక్కురుమనకుండా పుచ్చుకుంటుంది. మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం 'స్థితి' గడి ఒక్కటే చూస్తుంది; అది ఖాళీగా ఉంటే రోగి ఉన్నట్టే లెక్క. మరణవార్తేమో 'గమనిక' అనే గడిలో ఉంది. పైగా పెద్దాయన మెసేజ్ చూపించినప్పుడల్లా కౌంటరులో కొత్తగా చేరినతను 'వచ్చారు' అని నొక్కేవాడు. దాంతో తర్వాతి తేదీ దానంతటదే పడేది.

ముందు బ్యాకప్ తీసుకుని ఆ పత్రం సరిచేసింది. మిగతావీ గాలిస్తే అలాంటివి మరికొన్ని బయటపడ్డాయి. ఎందరిళ్ళల్లో ఫోన్లు ఇలా మోగుతున్నాయో అనుకుంది. హెడ్ నర్సును పిలిచి, ఒక్కొక్కటీ నిర్ధారించుకుని మార్చింది. స్థితి నింపని పత్రాన్ని ఇకమీదట తీసుకోవద్దని డేటాబేస్‌కు నియమం పెట్టింది. ఆ ఇళ్ళకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పే పని నర్సు తన నెత్తిన వేసుకుంది.

తర్వాత ఆమె కిందికి వెళ్ళి పెద్దాయన పక్కన కూర్చుంది.

"ఇక మెసేజ్ రాదు బాబాయ్ గారూ. తప్పు మాదే. మీరెందుకొస్తున్నారు మరి?"

"పిలిచారు కదమ్మా. రాకపోతే ఆవిడ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారేమోనని భయం. అన్నాళ్ళ అలవాటు, ఒక్కసారిగా పోతుందా?" ఆ వెంటనే అడిగాడు, "ఆవిణ్ణి కంప్యూటర్లోంచి తీసేశారా?"

"లేదండీ. పిలవడం మానేశాం, అంతే. చూస్తారా?"

తండ్రీకూతుళ్ళను మేడ మీదికి తీసుకెళ్ళి తెర తిప్పి చూపించింది. బరువు, రక్తపోటు అంకెల కింద నర్సులెవరో తోచిన గడులు చేర్చుకుంటూ పోయారు. 'సూది: ఎడమ చెయ్యి.' 'మంచం: కిటికీ పక్కది.' 'కబుర్లు: మొదలుపెడితే ఆపదు.'

పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి చదివి, పకపకా నవ్వాడు. తర్వాత చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"చూశావా అమ్మాయ్," అన్నాడు కూతురితో, "నేనా మాటంటే కోప్పడేది. వీళ్ళు ఏకంగా రాసి పెట్టారు."

కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన లేవలేదు. ఇంకోసారి మొదటినుంచీ చదువుతున్నాడు. డేటాబేస్ ఆవిడ తొందరపెట్టలేదు.