ఏనుగు ఫిడేలుకు దారి

రండి రండి, ఇటు దగ్గరికి జరగండి. ఆ గోడవారన నిలబడ్డవాళ్ళు కూడా వచ్చి కూర్చోండి. పలకలు పక్కన పెట్టెయ్యండి. చెప్పేది పరీక్ష కథే గానీ, మీకు పరీక్ష పెట్టనులే.

ఒక నగరం నడిబొడ్డున ఒక విశ్వవిద్యాలయం ఉండేది. దాని ముందు రాళ్ళు పరిచిన పెద్ద ఆవరణ, ఆవరణ మధ్యలో సంగీతశాల. చుట్టూ గ్రంథాలయం, మ్యూజియం, నాటకశాల, గడియారపు స్తంభం. పొద్దున్నే మెట్లు కడిగేవాళ్ళు, తాళాలు తీసేవాళ్ళు, పుస్తకాలు చంకన పెట్టుకుని పరిగెత్తే విద్యార్థులు, అన్ని ఊళ్ళలాగే. మంచి సంగీతం వినబడితే ఆ భవనాలు కాస్త దగ్గరికి జరిగేవి. నచ్చకపోతే వెనక్కి తగ్గేవి. జనం దానికి తగ్గట్టే బతికేవాళ్ళు.

"రాత్రి కచేరీ బాగా జరిగినట్టుందే, నా బండి సందులో తిరగట్లేదు" అని పండ్లమ్మే ఆవిడ గొణిగితే, "పోనీలే అక్కా, రేపు ఉపకులపతిగారి ఉపన్యాసం ఉంది. ఆ దెబ్బకి రెండు బస్సులు పక్కపక్కన పోతాయి" అని కాఫీ కొట్టతను ఓదార్చేవాడు.

మ్యూజియం గేటు దగ్గర కాపలా ఉండే ఆయన్ని ఊరంతా గంధర్వుడు అనేవాళ్ళు. పొగడ్త అనుకునేరు, పచ్చి వెక్కిరింత. వయసులో ఉండగా ఒకసారి ఉత్సాహం కొద్దీ గొంతెత్తితే, గ్రంథాలయం అంతటి బరువైన కట్టడం ఒక్క ఊపున వెనక్కి పోయి తపాలా ఆఫీసుకి వీపు ఆనించిందట. అప్పట్నుంచీ డ్యూటీలో కూనిరాగం కూడా తీయకూడదని పైవాళ్ళు గట్టిగా చెప్పారు.

ఆయన మేనకోడలు పిచ్చుక. గుప్పెడంత ఉండేది కాబట్టి ఆ పేరు. తల్లి పొద్దస్తమానం పనికి పోతే, ఎత్తుకుని పెంచింది మామయ్యే. ఆయన జోలపాటకి నిద్రపోయిన ప్రాణి లోకంలో ఆ పిల్లొక్కతే. అలాంటి పిచ్చుక వాయించేదేమో మనిషికన్నా ఎత్తైన వాద్యం. నేలమీద నిలబెట్టి కమానుతో లాగాలి. దానికేదో పెద్ద పేరుంది గానీ, అందరూ ఏనుగు ఫిడేలు అనేవాళ్ళు.

ఆ రోజు సంగీతశాలలో ప్రవేశ పరీక్ష. గడియారం పది కొట్టి ఆగగానే తలుపు మూసేస్తారు. వచ్చే ఏటికి పిచ్చుకకి వయసు దాటిపోతుంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఇద్దరూ ఏనుగు ఫిడేలుని చక్రాల మీద తోసుకుంటూ వచ్చి, మ్యూజియానికీ గ్రంథాలయానికీ మధ్య సందులోకి తిరగబోయి ఆగిపోయారు. మనిషి పక్కకి తిరిగి ఊపిరి బిగబడితే పట్టేంత జాగా ఉందంతే.

"మామయ్యా, నిన్న ఎవరి కచేరీ?"

మామయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఎంత తొందరున్నా కచేరీ పోస్టరు చూడకుండా ఎవరూ గడప దాటరు. పరీక్ష గాభరాలో ఆయన అదే మర్చిపోయాడు. నిన్న వేణువు వాయించే ముసలాయన వచ్చి వెళ్ళాడు. మిగతా భవనాలన్నీ భుజాలు కలుపుకుని నిలబడి ఉన్నాయి. ఆవరణలోకి ఇంకో దారి లేదు.

"ఫిడేలు ఇక్కడ పెట్టి నువ్వు దూరిపో తల్లీ. ముందు లోపల పడు."

"పడి ఏం వాయించను? పళ్ళు నూరి వినిపించనా?"

గడియారంలో పెద్ద ముల్లు పైకెక్కుతోంది. పండ్లావిడా, కాఫీ కొట్టతనూ చుట్టూ చేరారు. "ఏంటయ్యా గంధర్వుడూ, అంత గొంతు పెట్టుకుని చూస్తూ నిలబడ్డావు? పాడు!" అంది పండ్లావిడ.

పిచ్చుక కళ్ళు మెరిశాయి. "అవును మామయ్యా! ఈ రెండూ పారిపోయేలా పాడు."

"ఉద్యోగం పోతుందే."

"నా చదువు పోతోంది కదా!"

మామయ్య టోపీ తీసి చంకలో పెట్టుకుని, చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న కవాతు పాట అందుకున్నాడు. అబ్బబ్బ, ఏం చెప్పమంటారు! పావురాలు లేచిపోయాయి. గోడలు ఉలిక్కిపడి బెత్తెడు తగ్గాయి. మళ్ళీ బెత్తెడు. "ఇంకొంచెం, ఇంకొంచెం!" అని జనం కేకలు. ఫిడేలు మెడ దూరింది, పొట్ట దూరలేదు.

సరిగ్గా అక్కడ పాట అయిపోయింది. ఆయనకి వచ్చిందే అంత. కంగారులో నోటికేదొస్తే అది ఎత్తుకున్నాడు. వచ్చింది పిచ్చుక జోలపాట. అదే బొంగురు గొంతు, అవే తప్పిన శ్రుతులు. కానీ పాడుతూ ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

గోడలు ఆగాయి. తర్వాత మెల్లగా ముందుకి రాసాగాయి.

"అయ్యో మామయ్యా, ఆపు! మూసుకుపోతోంది!"

పిచ్చుక ఫిడేలు మెడ వెనక్కి లాక్కుంది. ఆయనకి వినపడితేగా! అన్నేళ్ళు గొంతులో కుక్కుకున్న పాట. సందు కాగితం కూడా దూరనంతగా మూసుకుపోయింది. పిచ్చుక నీళ్ళు నిండిన కళ్ళతో గోడవంక చూసింది, మామయ్యవంక చూసింది. ఆయన్ని అంత సంతోషంగా ఎన్నడూ చూళ్ళేదు. పోతే పోయిందిలే అనుకుంది. ఏనుగు ఫిడేలుని నడివీధిలో నిలబెట్టి, ఆ పాట కింద కమాను వేసింది.

ఆ నాదం రాళ్ళ అడుగునుంచి పాకింది. కిటికీ అద్దాలు సన్నగా మోగాయి. పెద్దమనిషి వస్తుంటే జనం తప్పుకున్నట్టు, మ్యూజియమూ గ్రంథాలయమూ చెరోపక్కకి ఒత్తిగిల్లాయి. వాటి మధ్యనుంచి సంగీతశాల బయల్దేరింది. మెట్లతో, స్తంభాలతో, లోపల కుర్చీల్లో కూర్చున్న పరీక్షకులతో సహా నింపాదిగా జరిగొచ్చి, ఆఖరి మెట్టు పిచ్చుక కాళ్ళ దగ్గర ఆనించి నిలబడింది. గడియారం పది కొట్టడం మొదలెట్టింది.

తలుపు మూయడానికొచ్చిన బంట్రోతు తల బయటపెట్టాడు. "ఏమ్మా, పరీక్షకి వచ్చేది ఇప్పుడా?"

"నేనెక్కడికీ రాలేదండీ. మీరే వచ్చారు."

జనం గొల్లున నవ్వారు. పరీక్షకుల్లో పెద్దావిడ చేతిలో టీ కప్పుతోనే గుమ్మంలోకి వచ్చింది. "నీది విన్నాం. లోపలికొచ్చి నీ చోటు చూసుకో. ఆ పాడిందెవరు?"

"నేనేనమ్మా. తప్పైపోయింది" అన్నాడు మామయ్య టోపీ నలుపుకుంటూ.

"తప్పు సంగతి తర్వాత. రెండో చరణం మింగేశావేం? మొదట్నుంచీ అందుకో."

అందుకున్నాడు. ఆ పాటతోనే అందరూ కలిసి ఏనుగు ఫిడేలుని పల్లకీలా ఎత్తి మెట్లెక్కించారు.

సంగీతశాల మళ్ళీ వెనక్కి పోలేదు. తర్వాత్తర్వాత పోస్టరు మీద పిచ్చుక పేరు కనబడితే చాలు, పండ్లావిడ ముందురోజే బండి తెచ్చి బయట పెట్టుకునేది. మామయ్య మీద ఆంక్ష ఎత్తేశారు. గంధర్వుడన్న పేరు అలాగే ఉంది, వెక్కిరింత మాత్రం ఎటుపోయిందో పోయింది.

ఏంటమ్మా? ఆయన గొంతు బాగుపడిందా అంటావా? లేదర్రా, చివరిదాకా అదే గొంతు.

ఇక లేవండి. అన్నాల వేళైంది, ఇంటి దగ్గర కంచాలు పెట్టి ఎదురుచూస్తుంటారు. ఇల్లు దూరమున్నవాళ్ళు దారిలో ఏదైనా పాడుకుంటూ పోండి.