న్యగూథీ దున్నని పొలం

పాలు పిండి, క్యాను భుజానికెత్తుకుని న్యగూథీ పొలానికి అడ్డంపడి నడుస్తోంది. కినాంగోప్ పీఠభూమి చలి ఎముకలు కొరుకుతోంది. మోకాలెత్తు గడ్డి దుబ్బులు లంగాను తడిపేస్తున్నాయి. ఒక దుబ్బు దగ్గర ఆగింది. దానిమీద కూర్చున్న పిట్ట వెనకనుంచి చూస్తే ఎండుగడ్డే. ఇటు తిరిగిందా, నిమ్మపండు రంగు రొమ్ము, దాని మీద నల్లపూసల దండ వేసినట్టు గీత.

"ఏమ్మా, తిన్నావా?" అంది. పొద్దున్నే ఆమె పలకరించేది దాన్నొక్కదాన్నే.

భర్త చనిపోయిన ఏడాది పక్షులను లెక్కపెట్టడానికొచ్చినాయన చెప్పాడు: ఇది లాంగ్‌క్లా, ఎగిరినప్పుడు తోక అంచుల్లో తెలుపు చూసి పోల్చుకోవచ్చు, దుబ్బులు పీకేస్తే మాత్రం ఇది బతకదు. ఆనాటినుంచి ఆమె పొలం దున్నలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. పిట్ట కోసమంటే నవ్వరూ!

పాలకేంద్రం దగ్గర ముకామి పట్టుకుంది. మహిళాసంఘం పెద్ద. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

"నీ పొలమేంటక్కా, తల దువ్వని పిల్లలా! బద్ధకమంటున్నారు జనం."

"అననీ. వాళ్ళ నోళ్ళు, వాళ్ళిష్టం."

"సర్లే, సంతకి పద. ఒక్కదాన్నే పోలేను."

న్యగూథీకి ఎంత సంతోషమో! తనను తోడు రమ్మని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పొలమంతా నల్లటి మట్టి. సంఘం ఆడవాళ్ళు పలుగులూ పారలూ పట్టుకుని పాట అందుకున్నారు.

"ఎట్లా ఉంది? అందుకేగా నిన్ను సంతకి లాక్కుపోయింది!" ముకామి పగలబడి నవ్వింది. "రేపు బంగాళాదుంప విత్తనం కూడా మేమే తెస్తాం. ఒంటరిదానివని వదిలేస్తామా?"

న్యగూథీ ఆ నల్లమట్టినీ వాళ్ళనూ మార్చి మార్చి చూసింది. వాళ్ళను ఏమని తిడుతుంది? భర్తను పాతిపెట్టిన రోజు తర్వాత ఆ వాకిట్లో ఇంతమంది అడుగుపెట్టడం ఇదే.

"చల్లగా ఉండండమ్మా," అని పొయ్యి రాజేసి, పాలు ఎక్కువ పోసి టీ కాచింది. వాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వింది.

అందరూ వెళ్ళాక ఇల్లు మునుపటికన్నా బోసిపోయింది. పొలంలోకి వచ్చింది. దాక్కోవడానికి ఒక్క పరకైనా లేక పిట్ట మట్టిగడ్డల మధ్య అటూ ఇటూ పరిగెత్తుతోంది.

"నవ్వితే నవ్వనీ అనుకుని చెప్పాల్సింది, నేను చెప్పాల్సింది," అని ఏడ్చేసింది.

పిట్ట లేచింది. తోక తెల్లగా మెరిసింది, కొండవైపు పోయింది. చీకటి పడేదాకా నిలబడినా తిరిగి రాలేదు.

పీకి కుప్పపోసిన దుబ్బుల్లో ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని మొదట్లో సన్నటి వేళ్ళతో అల్లిన దోసెడంత గూడు, అందులో పగలని గుడ్డు ఒకటి.