మిదోరి తీసిన కొమ్మ

మామగారు తొకుజోకి నడుం పట్టేసి మూడు రోజులైంది. పైన్ చెట్లు పెంచి, కొమ్మలు తీర్చి, తోటలకు అమ్మే ఇల్లు అది. మే నెల పని ఎవరి నడుం కోసమూ ఆగదు. చాప మీద వెల్లకిలా పడుకున్నచోటి నుంచే ఆయన కోడలిని కేకేశాడు.

"సుజునో! వాకిటి చెట్టుకి కింది కొమ్మ ఉంది చూడు, దాని మిదోరి తీసెయ్యమ్మా. కత్తెర వద్దు, వేళ్లతోనే."

"అలాగే మామయ్యా."

మిదోరి అంటే ఆకుపచ్చ. ఏ పచ్చ, ఎంత పచ్చ అని అడగాలనుకుంది సుజునో. కానీ బడి మధ్యలో మానేసి పట్నం నుంచి కాపురానికి వచ్చిన పిల్ల ఏది అడిగినా 'ఇది కూడా తెలీదా' అంటారేమోనని భయం.

ఎనిమిది నెలల కొడుకు ఇత్సుకిని వీపున కట్టుకుని, వాకిలి మీదుగా చెయ్యి చాచినట్టున్న కొమ్మ కింద పీట వేసుకుని ఎక్కింది. కొమ్మ చివళ్లలో వేలెడేసి పొడవున, తెల్లటి నూగుతో కొవ్వొత్తుల్లాంటివి నిలబడి ఉన్నాయి. తెల్లగా ఉన్నవి కదా, వాటి జోలికి పోలేదు. వాటి కింద గుబురుగా ఉన్న పచ్చటి సూది ఆకులను జత తర్వాత జతగా లాగింది. జిగురుకి వేళ్లు అంటుకుపోయాయి. మధ్యాహ్నానికి కొమ్మంతా నున్నగా అయింది.

అత్త హరుయె సైకిల్ దిగుతూనే కూరల సంచీ వదిలేసింది.

"అయ్యయ్యో! కొమ్మకి గుండు కొట్టావేంటే!"

"పచ్చంతా తీసెయ్యమన్నారు అత్తయ్యా..."

"మిదోరి అన్నారా? పిచ్చి తల్లీ, పైన్ పెంచేవాళ్ల నోట మిదోరంటే కొత్త చిగురు! అదిగో, ఆ నిలబడ్డవి."

"తెల్లగా ఉన్నదాన్ని పట్టుకుని పచ్చ అంటారా?"

హరుయె కిందపడ్డ కూరలు ఏరుకుంది. "అంటారు. ఎందుకంటారో ముప్ఫై ఏళ్లలో నేనూ అడగలేదు."

సుజునో మళ్లీ కొమ్మ వైపు తిరిగింది. తొకుజో తండ్రి వెదురు కట్టి వంచిన కొమ్మ అది. చెట్లు కొనేవాళ్లు దాన్ని చూసే లోపలికి వస్తారు. ఎండిపోతే ఇంకో కొమ్మని అంత దూరం సాగదీయడానికి ఒక జీవితకాలం పడుతుంది.

తొకుజో గోడ పట్టుకుంటూ వచ్చి కొమ్మని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

"ఒక్క సూదీ మిగల్చలేదు. పని మాత్రం శుభ్రంగా చేశావు," అంటూ నవ్వబోయి, అబ్బా అని నడుం పట్టుకున్నాడు.

"చచ్చిపోతుందా మామయ్యా?"

"ఏమో. ఇలాంటి పని మా వంశంలో ఎవరూ చెయ్యలేదుగా, తెలియడానికి! చిగుళ్లు ఉంచావు. అవి విచ్చుకుంటే బతుకుతుంది. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు."

ఆ రోజు నుంచి పిల్లాడికి పాలు పట్టగానే సుజునో పీట ఎక్కేది. మొదటి వారమంతా భయంతోనే చూసింది. జూన్ వానల్లో కొవ్వొత్తులు విచ్చుకుని లేత సూదులు బయటపడ్డాక భయం కాస్త సడలింది. అప్పుడు ఇంకేవేవో కనిపించసాగాయి. సూదులు ఎప్పుడూ జంటగానే ఎందుకు వస్తాయి? ఎండ తగిలే వైపు పొట్టిగా, నీడ వైపు పొడుగ్గా ఎందుకున్నాయి? హరుయెని అడిగితే, "నన్ను చంపకు, ఆయన్నే అడుగు," అని కసిరేది.

జూలైలో ఒక ఉదయం కొమ్మ లోపలి వైపు, బోసిగా ఉన్న బెరడు మీద కొర్రగింజలంత బొడిపెలు కనిపించాయి.

"మామయ్యా! తెగులొచ్చింది! బెరడంతా పొక్కులు!"

తొకుజో కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి ముక్కు ఆనించి చూశాడు.

"పొక్కులు కాదే, మొగ్గలు! వెలుతురు పడేసరికి లేచాయి. వీటి కోసమే మేం చలికాలంలో పాత సూదులు కాసిని పీకుతాం. నువ్వు ఒకేసారి మొత్తం పీకేశావు."

"అంటే బతికినట్టేనా?"

"బతకడమా? కాపురం పెట్టింది." ఆయన ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ మూడున్నాయి. రెండు చాలు. ఒకటి గిల్లెయ్యి."

సుజునో వేళ్లు మొగ్గ దాకా వెళ్లి ఆగాయి. మూడింటినీ ఒక్కొక్కటిగా చూసింది. ఒకటి ఆకాశం వైపు, ఒకటి వాకిలి వైపు, మూడోది ఎటో ఇంకా తేల్చుకోలేదు.

"ఇవాళ వద్దు మామయ్యా. ఇది ఎటు తిరుగుతుందో చూడాలి."

తొకుజో పీట పక్కనే నేల మీద మెల్లగా చతికిలబడ్డాడు. "సరే," అన్నాడు. "నాకూ చూడాలనే ఉంది."