వెనకవాడి చెయ్యి

పొగమంచుకు ఒక వాసన ఉంటుంది.

తడిసిన ఉన్ని వాసన కాదు. రాతి మీద పాచి వాసనా కాదు. అప్పుడే తోమి బోర్లించిన గిన్నెలో తల దూర్చి గాలి పీలిస్తే ఎలా ఉంటుందో — అలా. చల్లగా... ఖాళీగా.

కొండల మీద ముందు ఆ వాసన వస్తుంది. తర్వాత తెలుపు వస్తుంది.

ఆ తర్వాత ఒక్కొక్కటే పోవడం మొదలవుతుంది.

చెట్లు పోతాయి. దారి పోతుంది. ముందు నడిచేవాడి వీపు పోతుంది. చివరికి, చాచిన చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయినట్టు ఉంటుంది.

అప్పుడు అతనికి లోకంలో ఒక భుజం మిగులుతుంది. కంటికి కాదు — చేతికి.

అతని పటాలం మామూలు పటాలం కాదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు మనుషుల్ని ఏరి, ఏరి, చివరికి గుప్పెడు మందిని ఉంచుకున్న పటాలం. ఆ పేరు వింటే చాలు, వీధిలో కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఏవేవో ఊహించుకునేవారు. మంటలు, దూకుళ్లు, చేతిలో కత్తులు...

సెలవుకి వచ్చినప్పుడు చెల్లెలు గడప మీద చతికిలబడి, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని అడిగింది.

"అన్నయ్యా, నువ్వక్కడ ఏం చేస్తావు?"

"నడుస్తాను."

"నడవడం నాకూ వచ్చు. ఇంకా?"

"ఒకడి వెనక నడుస్తాను. ఇంకొకడి ముందు నడుస్తాను."

"చెప్పడం ఇష్టం లేకపోతే లేదను. అంతేగానీ నన్ను వెర్రిదాన్ని చెయ్యకు."

మూతి ముడుచుకుని లేచి వెళ్ళిపోయింది.

కానీ అతను చెప్పింది నిజమే. అక్షరం అక్షరం నిజమే.

ఆ పటాలంలో మొదట నేర్పింది తుపాకీ కాదు. నిశ్శబ్దం.

దగ్గును మింగడం. తుమ్మును మింగడం. ఎండు పుల్ల విరగకముందే అరికాలితో పసిగట్టడం. పక్కవాడి ముఖం మీద ఈగ వాలితే నవ్వు రాకుండా ఉండడం — అన్నిటికన్నా అదే కష్టం.

నిశ్శబ్దంలో వాళ్లకి ఒకే ఒక్క మాట ఉండేది. అది చేతిలో ఉండేది.

వరసలో చివరివాడు తన ముందువాడి భుజం మీద రెండుసార్లు తడతాడు. ఆ ముందువాడు తన ముందువాణ్ని తడతాడు. ఆ తట్టు అలా ఒక భుజం నుంచి ఇంకో భుజానికి పాక్కుంటూ పోయి, అందరికన్నా ముందున్న కెప్టెన్ భుజం చేరుతుంది.

దానికి ఒకటే అర్థం.

అందరం ఉన్నాం.

అది అందితేనే కెప్టెన్ అడుగు వేస్తాడు. అందకపోతే ఆగుతాడు. వెనక్కి మాత్రం ఎవరూ తిరగకూడదు. తిరిగితే ముందున్న భుజం చేజారుతుంది. భుజం చేజారితే దారి చేజారుతుంది.

నీ వీపు నీకు కనిపించదు. నువ్వు ఉన్నావో లేవో వెనకవాడి చెయ్యే చెప్పాలి.

అతని వెనక, వరసలో అందరికన్నా చివర నడిచేవాడు వాగుడుకాయ.

శిక్షణకి వచ్చిన మొదటి పూటే ఆ పేరు పడింది. అసలు పేరు అందరూ మరిచిపోయారు, వాడితో సహా. వాడు బూట్లతో మాట్లాడేవాడు. అన్నం ఉడుకుతుంటే గిన్నె మూతతో వాదన పెట్టుకునేవాడు. నిద్రలో ఎవరినో బతిమాలేవాడు, మళ్ళీ వాడే ఒప్పుకునేవాడు.

"వీణ్ని ఏరినవాడెవడోగానీ, వాడికి ఖాయంగా చెవుడు," అని కెప్టెన్ తల పట్టుకునేవాడు.

అక్క వైపూ చెల్లి వైపూ ఏ వరసా లేదు. అయినా చూసిన మొదటి క్షణం నుంచీ వాడు అతన్ని బావా అనే పిలిచాడు. ఎందుకురా అంటే — "అన్నయ్యా అంటే గౌరవం ఇవ్వాలి. బావా అంటే తిట్టుకోవచ్చు," అన్నాడు.

కానీ వరసలో నిలబడితే వాడు వేరే మనిషి. నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు ఉండేవాడు. రోజంతటి మాటలూ భుజాల్లోంచి జారి వేళ్ల చివరికి వచ్చి కూర్చునేవేమో... వాడి చెయ్యి భుజం మీద పడితే ఆ చెయ్యి ఎవరిదో అడగక్కర్లేదు.

నడక ముగిసి, బూట్ల తాళ్లు విప్పీ విప్పకముందే మొదలుపెట్టేవాడు.

"బావా, ఆ మలుపు దగ్గర నాకేమనిపించిందో తెలుసా..."

ఇక అంతే. చీకటి పడాల్సిందే, దీపం ఆర్పాల్సిందే, పక్క గుడారం వాళ్లు చెప్పు విసరాల్సిందే.

వాన పడ్డాక చూరు కారినట్టు — నడిచినంతసేపు దాచుకున్నదంతా వాడు కార్చేవాడు. అతను వినేవాడు. వింటూ నిద్రపోయేవాడు. నిద్రలోకి కూడా ఆ గొంతు వచ్చేది.

ఆ సెలవులోనే ఇంకొకటి జరిగింది.

బస్సు టిక్కెట్ల కోసం కిటికీ ముందు వరసలో నిలబడ్డాడు. పక్కనే చెల్లెలు. వరస మెల్లగా కదులుతోంది. వెనకున్న ముసలాయన, కాస్త జరగమని కాబోలు, అతని భుజం మీద తట్టాడు. రెండుసార్లు.

అతను జరగలేదు.

చెయ్యి చాచి ముందున్న లావుపాటి మనిషి భుజం మీద తట్టాడు. రెండుసార్లు.

ఆయన గిరుక్కున తిరిగాడు. "ఏంటి? ఏం కావాలి?"

"ఏం లేదండీ..." అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అందరం ఉన్నాం."

ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు. తన సంచీని ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకున్నాడు.

చెల్లెలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి అక్కడే కూలబడింది. ఇంటికి వెళ్లాక అమ్మకి ఆడి చూపించింది. ఆ తర్వాత అన్నం తినేటప్పుడల్లా చాటుగా వచ్చి అతని భుజం మీద తట్టడం, అతను తనకి తెలియకుండానే అమ్మ భుజం తట్టడం —

"ఏంట్రా నీ గోల? కూరా? మజ్జిగా?"

అతనూ నవ్వాడు. కానీ ఆ నవ్వు కింద ఏదో చల్లగా కదిలింది. వెనక వాగుడుకాయ లేడు. ముందు కెప్టెన్ లేడు. అయినా చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది... వరసలోనే ఉన్నాననుకుంటోంది.

సెలవు అయిపోయింది. కొండలు పిలిచాయి.

ఆ తెల్లవారుజామున పొగమంచు పాలు విరిగినట్టు వచ్చింది. గడ్డలు గడ్డలుగా.

కొండ నడుం మీదుగా ఒక సన్నదారి. ఎదుటి కొండ మీద శత్రువులు. మధ్యలో లోయ. మామూలు వెలుగులో ఆ దారి మీద నడిస్తే ఎదుటి కొండకి చీమల బారులా కనిపిస్తారు. పొగమంచు ఉన్నంతసేపే దారి వీళ్లది. అది తొలిగేలోపు కనుమ దాటాలి. కనుమ అవతల అంతా క్షేమం. అక్కడ గుడారం, గుడారంలో పొయ్యి, పొయ్యి పక్కన డాక్టర్.

నడిచారు.

తట్టు వచ్చింది. ఇచ్చాడు. నడిచారు.

తట్టు వచ్చింది. ఇచ్చాడు. నడిచారు.

తట్టు —

రాలేదు.

అతను ఎదురుచూశాడు. వీపంతా చెవి అయింది. భుజమంతా కన్ను అయింది.

రాలేదు.

అతను ముందుకు తట్టలేదు. వరస ఆగింది. తెలుపులో తెలుపుగా అందరూ నిలబడిపోయారు. ఒక్కో భుజాన్నీ తడుముకుంటూ కెప్టెన్ వెనక్కి వచ్చాడు. నోరు అతని చెవికి ఆనించాడు.

"వెనక?"

"లేడు సార్."

కెప్టెన్ ఊపిరి ఒకసారి ఆగి మళ్లీ కదిలింది.

"వెతుకు. నేను నీ నడుం పట్టుకుంటాను."

మోకాళ్ల మీద కూర్చుని దారిని అరచేత్తో చదివాడు. రాయి. పాచి. రాయి. గడ్డి. ఆపైన — పచ్చిమన్ను. దారి అంచు విరిగిపోయిన చోటు, ఇంకా చెమ్మగా.

చెయ్యి కిందికి దించాడు. ఖాళీ... ఖాళీ... ఖాళీ.

వెచ్చదనం.

చెంప అది. దాని కింద దవడ. దవడ రాయిలా బిగుసుకుని ఉంది. నోటి నిండా బట్ట. వాడి చొక్కా చెయ్యే. మోచేతిదాకా నోట్లో కుక్కుకుని కరిచిపట్టాడు.

అంచు విరిగి వాడు రాతి చీలికలోకి జారాడు. తొడ చీరుకుపోయింది. కాలు ఉండాల్సిన వైపు లేదు. ఒక్క కేక వేస్తే చాలు, వరస ఆగేది, చేతులు వచ్చేవి. కానీ ఆ కేక లోయ దాటి ఎదుటి కొండకీ వెళ్లేది.

గిన్నె మూతతో వాదించినవాడు.

మూలగలేదు కూడా.

ఇద్దరూ కలిసి పైకి లాగారు. కెప్టెన్ గుడ్డతో తొడని బిగించి కట్టాడు. బెల్టులతో వాణ్ని అతని వీపుకి కట్టాడు. ఎవరు మోస్తారని అడగలేదు. అతనూ చెప్పలేదు.

మళ్లీ చెవిలో మాట. "కట్టు ఎక్కువసేపు ఆగదు. వాడిలో ఉలుకూ పలుకూ లేకపోతే నువ్వు తట్టకు. ఆగి, విప్పి మళ్లీ కడదాం. ఎంత వెలుతురొచ్చినా సరే, ఆగుదాం."

ఎంత వెలుతురొచ్చినా సరే. అంటే అందరినీ ఎదుటి కొండకి చూపించైనా సరే.

నడిచారు.

ఇప్పుడు వెనకవాడు వెనక లేడు. వీపు మీద ఉన్నాడు. వాడి గడ్డం అతని మెడ వంపులో. వాడి నెత్తుటి తడి అతని నడుం మీదుగా కిందికి, కిందికి. మొదట వేలు కదిలింది. భుజం మీద తట్టు పడింది. అతను ముందుకి ఇచ్చాడు. మళ్లీ పడింది. ఇచ్చాడు.

తర్వాత వేలు కదలలేదు.

అతను అడుగు ఆపబోయాడు.

"బావా..."

మాట కాదది. మాటకి ముందుండే గాలి.

దారి మీద మాట! ఈ మాట కేకగా మారితే? తెలివి తప్పుతున్నవాడికి గొంతు ఎంత పెరుగుతోందో తెలుస్తుందా? అతని చెయ్యి వెనక్కి వెళ్లింది, వాడి నోరు మూయడానికి. పెదవుల దాకా వెళ్లింది.

పెదవులు మంచుగడ్డల్లా ఉన్నాయి. కదులుతున్నాయి.

కదులుతుంటే ఉన్నట్టు.

చెయ్యి దించేశాడు. తల వంచి, తన చెవిని ఆ పెదవులకి ఆనించాడు.

"అరవలేదు... చూశావా..."

వాడి మణికట్టు నొక్కాడు. చూశాను.

"కెప్టెన్‌కి చెప్పు... వాగుడుకాయ అరవలేదని..."

నొక్కాడు. చెబుతాను.

ముందు భుజం మీద తట్టాడు. రెండుసార్లు. వరస కదిలింది.

"పడేటప్పుడు నాకేమనిపించిందో తెలుసా బావా... ఇవాళ్టికి... నీ వీపు చూసే బాధ తప్పిందని..."

నవ్వు వచ్చింది. నవ్వుని మింగాడు. దాని వెనకే ఇంకోటి వచ్చింది. దాన్నీ మింగాడు. నేర్పింది అదే కదా.

తట్టాడు. నడిచారు.

ఇంకా ఏదో చెబుతున్నాడు. ఏదో వంతెన గురించి. ఎప్పుడో తిన్న పండు గురించి. ఒక పదానికీ ఇంకో పదానికీ మధ్య తెలుపు పెరుగుతోంది. సగం పదాలు. పావు పదాలు. ఆ తర్వాత అక్షరాలు లేవు, ఊపిరి ఒక్కటే, చెవి అంచున వెచ్చగా —

చెల్లెలు ఎన్నేళ్లు అడిగినా, ఎన్ని రకాలుగా అడిగినా, అతను ఇక్కడిదాకానే చెబుతాడు. ఇక్కడికి వచ్చి తల కొంచెం పక్కకి వంచుతాడు.

కనుమ ఇంకా రాలేదు.

పొగమంచు వాసన ముందు పోయింది. తర్వాత తెలుపు పలచబడింది. ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. ఒక చెట్టు. దారి అంచు. ముందువాడి వీపు, నీడలా, తర్వాత బట్టలా.

చెవి అంచున ఏదో వెచ్చగా ఉంది. వాడి ఊపిరో... కొండ ఎక్కిన ఎండో.

అతను వెనక్కి తిరగలేదు.

ముందువాడి భుజం మీదికి చెయ్యి ఎత్తాడు.